చిట్టాల కొండ, ఆవర్జాల కరువు

ముందుగా పేరు తగువు తీర్చుకుందాం. ఇంగ్లీషు ‘లాగ్’ను ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపితే ‘లాగు’ అవుతుంది. ఆ పేరుతో చిన్నపిల్లలు తొడుక్కునే వస్తువొకటి మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. ‘సర్వర్ల లాగులన్నీ ఒకచోట పోగేశాం’ అంటే వినేవాడి కళ్ళకు రేవులో బట్టల మూటలే కడతాయి. అందుచేత ఈ టపాలో దాన్ని చిట్టా అంటాను. ఇది నా సొంత కల్పన కాదు. కొట్లో గుమాస్తా ఏ రోజు లావాదేవీలను ఆ రోజు, జరిగిన వరుసలోనే రాసిపెట్టే పుస్తకం చిట్టా. అందులోని ఒక్కొక్క నమోదు పద్దు. ఆ పద్దులను తరువాత తీరికగా ఎవరి ఖాతా కింద వారికి విడదీసి ఎక్కించే పుస్తకం ఆవర్జా. ఈ మూడు మాటలూ దగ్గరుంటే నేటి కంటెయినర్ యంత్రాంగాల గురించి తెలుగులో సుఖంగా పోట్లాడుకోవచ్చు. నేను వచ్చింది పోట్లాటకే.

పోట్లాట ఎవరితో అంటారా? నా వృత్తివారితోనే, వారిలో నేనూ ఒకణ్ణి. ‘చిట్టాలన్నీ కేంద్రానికి పంపిస్తున్నాం, ఇక బెంగ లేదు’ అన్న మాట కొన్నేళ్ళుగా నేను విన్నన్ని సార్లు గుడిలో గంట కూడా విని ఉండను. అది సగం నిజం. సగం నిజం కాబట్టే ప్రమాదం. పోగుచెయ్యడం అవసరం, కాదనను. కాని పోగుచెయ్యడం రాయడానికి బదులు కాదు. పద్దు రాసేవాడు రాయకుండా వదిలినదాన్ని ఎంత గొప్ప కేంద్రమూ చేర్చిపెట్టలేదు. రాయకూడనిది రాస్తే మాత్రం ఏ కేంద్రమైనా దాన్ని భద్రంగా నాలుగు నకళ్ళు తీసి దాచిపెడుతుంది. నా వాదమంతా ఇంతే. మిగిలినది సాక్ష్యం.

*

ముందు ఎదుటిపక్షానికి న్యాయం చేద్దాం.

‘కుబెర్నెటీస్’ గ్రీకు మాట. ఓడ నడిపే కర్ణధారి అని అర్థం. గూగుల్ సంస్థ 2014లో దీన్ని బహిరంగపరచింది, 2015లో 1.0 వెలువడింది. ప్రోగ్రాములను కంటెయినర్లనే పెట్టెలలో సర్ది, ఆ పెట్టెలను పాడ్‌లనే చిన్న జట్లుగా కట్టి, ఏ యంత్రం మీద చోటుంటే దాని మీదికి ఎక్కించడం ఈ కర్ణధారి పని. పెట్టె చెడిపోతే కూర్చుని బాగుచెయ్యడు. పారేసి అలాంటిదే ఇంకొకటి తెప్పిస్తాడు. యంత్రం మీద బరువు మించితే కొన్ని జట్లను మొహమాటం లేకుండా దించేస్తాడు. పాతకాలపు సర్వరు అలా కాదు. దానికొక పేరుండేది, ఒక చోటుండేది. ఏదైనా జరిగితే దాని దగ్గరికే పోయి, దాని డిస్కు మీద ఉన్న చిట్టా తెరిచి చదువుకునేవాళ్ళం. పాడ్ సత్రంలో బాటసారి. నిన్న ఉన్న గదిలో నేడు ఉండదు. నిన్న ఉన్న పేరుతోనూ చాలాసార్లు ఉండదు.

దాని చిట్టా సంగతి చూడండి. కంటెయినర్‌లోని ప్రోగ్రాము తన మాటలను స్టాండర్డ్ అవుట్‌పుట్ అనే గొట్టంలోకి వదులుతుంది. కంటెయినర్‌ను నడిపే కంటెయినర్‌డి వంటి సాఫ్ట్‌వేరు ఆ మాటలను పంక్తి పంక్తిగా పట్టి, వేళ వేసి, ఆ యంత్రం డిస్కు మీద ఒక ఫైలులో రాస్తుంది. ఫైలు 10 మెగాబైట్లకు చేరగానే క్యూబ్‌లెట్ అనే స్థానిక కార్యకర్త దాన్ని పక్కనబెట్టి కొత్తది మొదలుపెట్టిస్తాడు. వేరే చెప్పకపోతే ఒక్కో కంటెయినర్‌కు 5 ఫైళ్ళకు మించి ఉంచడు. కొత్తది వస్తే అన్నిటికంటె పాతది పోతుంది. ‘చిట్టా చూపించు’ అని అడిగే ఆజ్ఞకు దొరికేది కూడా వాటిలో చివరి ఫైలే. పాడ్‌ను యంత్రం మీదినుంచి దించేస్తే ఆ ఫైళ్ళన్నీ దానితో సహగమనం చేస్తాయి. క్లస్టర్ తనంతట తాను నమోదు చేసుకునే సంఘటనల జాబితా సైతం మామూలుగా ఒక గంటసేపే నిలుస్తుంది. చిట్టాలను దీర్ఘకాలం దాచే కొట్టు కుబెర్నెటీస్‌కు పుట్టుకతో లేదు. అది మీరే తెచ్చుకోవాలని దాని అధికారిక పత్రాలే చెబుతాయి.

కనుకనే కేంద్రీకరణ. ప్రతి యంత్రం మీదా ఒక వార్తాహరుణ్ణి కూర్చోబెడతాం. ఫ్లూయెంట్‌డి, ఫ్లూయెంట్ బిట్, వెక్టర్, ఇలా అతనికి చాలా పేర్లు. అతడు ఫైళ్ళ తోకలు పట్టుకుని, కొత్త పంక్తులను వచ్చినవి వచ్చినట్టు తీసుకుని, ఏ పాడ్‌వో ఏ నేమ్‌స్పేస్‌వో గుర్తులు తగిలించి కేంద్రానికి చేరవేస్తాడు. కేంద్రంలో ఎలాస్టిక్‌సెర్చ్ ఉంటే పద్దులోని మాటమాటకూ ఆవర్జా కడుతుంది. 2018లో బయటికొచ్చిన లోకి అయితే మూటల మీద అంటించిన చీటీలకు మాత్రమే ఆవర్జా కట్టి, లోపలి సరుకును మనం అడిగినప్పుడు వెతుకుతుంది. మొదటిదానికి కట్టేటప్పుడు ఖర్చు, రెండవదానికి వెతికేటప్పుడు ఖర్చు. మొత్తం మీద తెలివైన ఏర్పాటు, తప్పనిసరి ఏర్పాటు. వద్దనేవాడు కంటెయినర్ పోయిన మర్నాడు శవం లేకుండా పంచనామా రాయవలసి వస్తుంది.

ఇంతవరకు ఎదుటిపక్షమే గెలిచింది. ఒప్పుకున్నాను.

*

ఇక నా కథ. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక సంస్థ కళాశాలల ఫీజులను ఆన్‌లైనులో కట్టించుకునే సేవ నడిపేది. సంస్థ పేరు అనవసరం; ఈ కథ ఏ సంస్థలోనైనా జరిగేదే. ఒక సాయంత్రం ఒక తండ్రి ఫోను చేశాడు. కూతురి పరీక్ష ఫీజు కట్టాడు. ఖాతాలోంచి డబ్బు పోయింది. రసీదు రాలేదు. గడువు మర్నాటితో సరి. ‘బాబూ, డబ్బు మీకు అందిందా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు. అందలేదంటే ఎవరినైనా అడిగి మళ్ళీ కట్టుకుంటాను’ అన్నాడు. ఇంతకంటె న్యాయమైన ప్రశ్న ఉంటుందా?

కేంద్రం తెరిచాం. మాకు నాలుగు సేవలుండేవి. అభ్యర్థన తీసుకునేది ఒకటి, బ్యాంకుతో మాట్లాడేది ఒకటి, లెక్కలో వేసేది ఒకటి, రసీదు పంపేది ఒకటి. నాలుగింటి చిట్టాలూ కేంద్రానికి చేరుతూనే ఉన్నాయి. మొదటిది ‘అభ్యర్థన అందినది’ అంటుంది. రెండవది ‘పని పూర్తి’ అంటుంది. మూడవది ‘విజయం’ అంటుంది. నాలుగవది ‘పంపబడినది’ అంటుంది. పరీక్ష ఫీజుల గడువు ముందురోజు గనుక ఆ నిమిషంలో అలాంటి పద్దులు కుప్పలుగా ఉన్నాయి. ఏ విజయం ఎవరి విజయమో ఏ పద్దూ చెప్పదు. రెండవ సేవ ఒక్కటే ఒక లావాదేవీ సంఖ్య రాసింది. అది దాని సొంత సంఖ్య, తక్కిన మూడింటికీ దాని మొహం తెలియదు. వేళను బట్టి జతచేద్దామంటే ఒకే క్షణంలో పలువురి అభ్యర్థనలున్నాయి. పైగా ఏ యంత్రం గడియారం దానిది. పద్దులను చూస్తే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం.

ఆ రాత్రి వెతకగా వెతకగా తేలినదేమిటంటే, ఆ తండ్రి ఫోను నంబరు మా చిట్టాలలో ఆరు చోట్ల ఉంది. ఇంటి చిరునామా రెండు చోట్ల ఉంది. ఆ అమ్మాయి పుట్టినతేదీ ఒక చోట ఉంది. ఆయన డబ్బు ఏమైందన్నది మాత్రం ఒక్క చోటా లేదు.

సంగతి చివరికి బ్యాంకు పంపిన మర్నాటి లెక్కలవల్ల బయటపడింది. డబ్బు అందింది. లెక్కలో వేసే కంటెయినర్ సరిగా ఆ క్షణాన, తనకు కేటాయించిన మెమరీ హద్దు దాటినందుకు, చంపబడింది. అలా చంపబడేదానికి ఆఖరి మాట చెప్పుకునే వెసులుబాటు ఉండదు. బఫర్‌లో నిలిచిన పద్దులు గొట్టంలోకి రాకముందే దానితోపాటు పోతాయి. గొట్టంలోకి రానిదాన్ని ఏ వార్తాహరుడు మోస్తాడు? మేము చూసిన ‘విజయం’ ఇంకెవరిదో. ఈలోగా ఆ తండ్రి ఎక్కడో చేబదులు తెచ్చి మళ్ళీ కట్టాడు. అదనంగా వచ్చినది తిరిగి ఇచ్చాం, క్షమాపణా చెప్పుకున్నాం. కాని ఆయన అడిగిన వేళకు ఆయన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాం. జవాబు చెప్పడానికే కదా అంత కొండను పోగేసింది?

తరువాత జరిగిన సమీక్షలో అందరం ఏకగ్రీవంగా తీర్మానించినదేమిటో తెలుసునా? కేంద్రం సామర్థ్యం పెంచాలని! ఆ తీర్మానానికి నేనూ చెయ్యెత్తాను. ఈ టపా ఆ చెయ్యికి ప్రాయశ్చిత్తం.

*

రోగమూలం ఎక్కడుంది? నా ఉద్దేశంలో ఒక మంచి సూత్రాన్ని చెడ్డగా చదువుకోవడంలో ఉంది. 2011లో హెరోకు సంస్థకు చెందినవారు ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ పేరిట పన్నెండు సూత్రాలు ప్రకటించారు. పదకొండవది చిట్టాలను గురించి. ప్రోగ్రాము తన చిట్టాను ఎక్కడికి పంపాలి, ఎక్కడ దాచాలి అన్న చింత పెట్టుకోరాదు, ప్రవాహంగా బయటికి వదిలితే చాలు, తక్కినది పరిసరం చూసుకుంటుందని దాని సారాంశం. కంటెయినర్ల లోకం మొత్తం ఈ సూత్రం మీదే నిలబడింది. సూత్రంలో దోషం లేదు. కాని ‘ఎక్కడికి పోతుందో నీకు అనవసరం’ అన్నదాన్ని మనవాళ్ళు ‘ఏమి రాస్తున్నావో నీకు అనవసరం’ అని చదువుకున్నారు. ఉత్తరం పెట్టెలో వేస్తే చేర్చే పూచీ తపాలా శాఖదే. అంతమాత్రాన లోపల ఏమి రాయాలో కూడా పోస్టుమానే చూసుకుంటాడనుకునేవాణ్ణి ఏమనాలి?

గుమాస్తా దగ్గరికి మళ్ళీ వద్దాం. ‘రొక్కం 200 వచ్చినది’ అని రాసి కలం మూసిన గుమాస్తాను ఏ యజమానీ మర్నాడు పనిలో ఉంచుకోడు. ఎవరినుంచి, ఏ బాకీ కింద, ఏ రసీదు మీద అన్నవి లేనిదే అది పద్దు అనిపించుకోదు. ఎందుకంటే దాన్ని ఆవర్జాకు ఎక్కించడం కుదరదు. పద్దు రాస్తున్నప్పుడే గుమాస్తా కంటిముందు ఆవర్జా ఉంటుంది. రేపు దీన్ని ఇంకొకరు చదువుతారన్న ఎరుక ఉంటుంది. మనమో? మధ్యాహ్నం పూట ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో తెలియక ‘ఇక్కడికి వచ్చింది’ అని ఒక పంక్తి వేస్తాం. పని అయ్యాక తియ్యడం మరచిపోతాం. అది కేంద్రానికి పోతుంది. ఆర్నెల్ల తరువాత, తెల్లవారుజామున మూడు గంటలకు, ఆన్‌కాల్ వంతులో నిద్ర కళ్ళతో కూర్చున్న ఎవరో కుర్రవాడు దాన్ని చదువుతాడు. ఇక్కడికి అంటే ఎక్కడికి? వచ్చింది అంటే ఏది? ఆ రాసినవాడు అప్పటికి ఉద్యోగం మారి ఉంటాడు. ఆ మాట వాడు తనకోసం రాసుకున్నది. చదవవలసి వచ్చింది వేరొకరికి.

మందు కొత్తది కాదు, రహస్యమూ కాదు. అభ్యర్థన గుమ్మం దాటి లోపలికి రాగానే దానికొక సంఖ్య ఇవ్వాలి. ఎన్ని సేవల చేతులు మారినా ఆ సంఖ్య వెంటే పోవాలి. ప్రతి పద్దులోనూ అది ఉండాలి. ఆ సంఖ్యను సేవలు ఒకదానికొకటి ఏ రూపంలో అందించుకోవాలో డబ్ల్యూ3సీ 2020లోనే ‘ట్రేస్ కాంటెక్స్ట్’ పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. 2019లో రెండు పథకాలు కలిసి ఏర్పడ్డ ఓపెన్‌టెలిమెట్రీ దాన్ని అమలుచేసే పరికరాలను ఉచితంగా ఇస్తోంది. పరికరాలు ఉచితమే. ప్రతి పద్దునూ పద్దులాగా రాసే క్రమశిక్షణే ఖరీదు. ఆ ఖరీదు పెట్టలేక, దానికి పదింతలు పెట్టి కేంద్రం కొంటున్నాం.

*

దారిలో పద్దుకు జరిగే హింస మరొకటి. జావా ప్రోగ్రాము కూలేటప్పుడు వదిలే మరణ వాఙ్మూలం పదుల పంక్తులుంటుంది. గొట్టానికి పంక్తే ప్రమాణం. కాబట్టి ప్రత్యేకంగా జాగ్రత్త పడకపోతే ఆ వాఙ్మూలం పదుల కొద్దీ అనాథ పద్దులుగా విడిపోయి, మధ్యలో పక్కవారి మాటలు చొరబడి కేంద్రానికి చేరుతుంది. ఇక పంక్తి మరీ పొడవైతే, 16 కిలోబైట్ల దగ్గర కంటెయినర్‌డి దాన్ని కోసి, ముక్కకు ‘అసంపూర్ణం’ అన్న గుర్తు పెడుతుంది. గుర్తు చూసి మళ్ళీ అతికే పని వార్తాహరుడిది, అదీ మనం అతనికి చెప్పి ఉంటే.

ఇందులో తెలుగువాళ్ళకు ప్రత్యేక వాటా ఉంది. యూనికోడ్‌లోని తెలుగు గుర్తు ఒక్కొక్కటీ యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పడుతుంది. కోత పడేది బైట్ల లెక్కన. కనుక అది గుర్తు నడుమ కూడా పడవచ్చు. అలా పడితే ఇటు ముక్కలో కొంత, అటు ముక్కలో కొంత, రెండుచోట్లా చదవడానికి పనికిరాని పెంకులు. అంతకంటె ముందే, పద్దును జేసన్ రూపంలో పెట్టే కొన్ని లైబ్రరీలు ఇంగ్లీషేతర గుర్తు కనపడితే చాలు, దాన్ని ఆరు అక్షరాల సంకేతంగా మార్చేస్తాయి. పైథాన్‌లో వేరే చెప్పకపోతే జరిగేది ఇదే. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతాల గుర్తులతో కలిపి ఆరు గుర్తులున్నాయి. అది 36 అక్షరాల సంకేతమై కూర్చుంటుంది. దారిలో ఎవరూ దాన్ని విప్పకపోతే ‘తెలుగు’ అని వెతికేవాడికి ఆ కేంద్రంలో తెలుగు దొరకదు. ఉంటుంది, కాని దొరకదు. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు చెరనుంచి మన అక్షరాలను యూనికోడ్‌లోకి విడిపించుకున్న తరం మనది. ఉండీ దొరకకపోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

*

రాయవలసినది రాయకపోవడం ఒక పాపమైతే, రాయకూడనిది రాయడం దానికి అన్న.

2018 మే నెలలో ట్విటర్ సంస్థ తన 33 కోట్ల పైచిలుకు ఖాతాదారులను పాస్‌వర్డులు మార్చుకోమని కోరింది. ఎవరో దొంగ జొరబడి కాదు. పాస్‌వర్డును గుర్తుపట్టరాని రూపంలోకి మార్చే పని పూర్తికాకముందే అది సంస్థ లోపలి చిట్టాలో ఉన్నదున్నట్టు నమోదవుతూ వచ్చింది. 2019 మార్చిలో ఫేస్‌బుక్ సంస్థ కోట్ల కొద్దీ పాస్‌వర్డులు తన లోపలి నిల్వలలో చదవగల రూపంలో ఉండిపోయాయని ఒప్పుకున్నది. దాని మీద విచారణ జరిపిన ఐర్లండు సమాచార రక్షణ కమిషను 2024 సెప్టెంబరులో 9.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఇవి చేతకానివాళ్ళ సంస్థలు కావు. పద్దులో ఏమి పోతున్నదో ఎవరూ కూర్చుని చదవని సంస్థలు. అంటే, మనందరిలాంటివి.

కేంద్రీకరణ ఈ పాపాన్ని పెంచుతుంది. రహస్యం ఒక యంత్రం డిస్కు మీద ఉన్నప్పుడు అది ఐదు ఫైళ్ళు నిండేదాకానే బతికేది. కేంద్రానికి వచ్చాక దానికి నకలు ఉంటుంది, నకలుకు నకలు ఉంటుంది, వెతకడానికి పెట్టె ఉంటుంది, ఆ పెట్టె ముందు కూర్చునే హక్కు సంస్థలో సగంమందికి ఉంటుంది. ఆ అమ్మాయి పుట్టినతేదీ మాకు ఎందుకు? ఎవరూ అడగలేదు. అభ్యర్థనను మొత్తంగా చిట్టాలోకి కుమ్మరించే ఒక పంక్తి ఎవరో రాశారు, అంతే.

చిట్టా రాసే కలం కూడా కరవగలదని 2021 డిసెంబరులో లోకమంతా చూసింది. జావా లోకంలో విరివిగా వాడే లాగ్4జే అనే కలం తాను రాస్తున్న పద్దులో ఒక రకమైన పదబంధం కనపడితే దాన్ని ఊరికే రాయక, అది సూచించిన దూరపు సర్వరునుంచి కోడు తెచ్చి నడిపేది. గుమాస్తా పద్దులో ‘కొట్టు తగలబెట్టుము’ అని రాస్తూ రాస్తూ లేచి అగ్గిపుల్ల గీసినట్టు! 2024 మే నెలలో వార్తాహరుడు ఫ్లూయెంట్ బిట్‌లోనూ మెమరీని చెరిచే తీవ్రమైన లోపమొకటి బయటపడి, సరిదిద్దబడింది. ప్రతి యంత్రం మీదా కూర్చుని అందరి మాటలూ వినేవాడిలో లోపమంటే చిన్న విషయం కాదు. పోగుచేసే యంత్రాంగం పెరిగినకొద్దీ కాపలా కాయవలసిన గుమ్మాలూ పెరుగుతాయి.

*

ఇప్పుడు ప్రతివాదాలు.

‘డిస్కు చవక కదా’ అంటారు. డిస్కు చవకే. ఆవర్జా చవక కాదు. వెతుకులాట చవక కాదు. తెల్లవారుజామున కళ్ళు నలుపుకుంటూ ‘ఇక్కడికి వచ్చింది’ని చదివే మనిషి నిద్ర అసలే చవక కాదు.

‘ఏది అవసరమవుతుందో ముందుగా తెలియదు కదా’ అంటారు. ఇది గట్టి వాదం, దీనికి మర్యాదగానే జవాబు చెప్పాలి. నిజమే, రేపటి జబ్బు నేడు తెలియదు. కాని ఏ జబ్బుకైనా రోగి పేరు అడుగుతారని నేడే తెలుసు. ఏ అభ్యర్థన, ఏ పని, ఏమైంది, ఎంతసేపు పట్టింది, కాకపోతే ఎందుకు కాలేదు అన్న ఐదూ ఎల్లప్పుడూ అవసరమే. వాటిని ఎల్లప్పుడూ రాయండి. మిగిలిన చిల్లర వివరాలను అవసరం పడినప్పుడు మీట నొక్కి తెరుచుకునేలా, రెండు మూడు రోజులలో వాటంతటవే పోయేలా పెట్టుకోండి. ‘ఏది కావాలో తెలియదు కనుక అన్నీ’ అనేది వివేకంలాగా కనపడే బద్ధకం.

‘చట్టం ఉంచమంటున్నది’ అంటారు. మన దేశపు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వ్యవస్థల చిట్టాలను 180 రోజులపాటు, దేశ పరిధిలో భద్రపరచాలి. ఆ మాట నిజం. ఆ ఆదేశం వెనుక ఉన్నది భద్రతా సంఘటన జరిగినప్పుడు ఆనవాళ్ళు దొరకాలన్న ఉద్దేశం. పిల్లల పుట్టినతేదీలను చిట్టాలో కుమ్మరించమని అది చెప్పలేదు. నిజానికి 180 రోజులు ఉండబోయే పద్దును ఒక్క రోజు ఉండే పద్దుకంటె శుభ్రంగా రాయాలి కదా? చట్టాన్ని అడ్డుపెట్టుకుని చెత్తను దాచేవారు దాన్ని తలకిందులుగా చదువుతున్నారు.

చివరి వాదం ఈమధ్యది. ‘కృత్రిమ మేధ ఉంది, ఎంత కొండైనా అదే చదివి చెబుతుంది’ అంటారు. చదువుతుంది. ఎక్కడ ఏది మామూలుకు భిన్నంగా ఉందో మనిషికంటె వేగంగా పట్టుకోనూగలదు. కాని ఆ తండ్రి సంఖ్య పద్దులో లేకపోతే అది ఎక్కడినుంచి తెస్తుంది? లేనిదాన్ని తెస్తే దాన్ని కల్పన అంటాం; కథలో అయితే మెచ్చుకుంటాం, లెక్కలో అయితే జైలుకు పంపుతాం. అదీగాక, పద్దులలో బయటివారు పంపిన మాటలూ ఉంటాయి. చదివే యంత్రం ఆ మాటలను ఆజ్ఞలుగా తీసుకుంటే లాగ్4జే కథే వేరొక వేషంలో తిరిగివస్తుంది.

*

కాబట్టి నేను కోరేది కేంద్రాలను కూల్చమని కాదు. తగవు వాటితో కాదు, వాటి చాటున దాక్కున్న మన నిర్లక్ష్యంతో. కొత్త కోడు వచ్చినప్పుడు దాని తర్కాన్ని పరీక్షించినంత శ్రద్ధగా దాని పద్దులను కూడా ఇంకొకరు చదవాలి. ఆ ప్రోగ్రాము ఏమిటో తెలియనివారు చదివితే మరీ మంచిది. వారికి అర్థంకాని పద్దు ఉండకూడదు. పోతే సిగ్గుపడవలసిన వివరం ఏ పద్దులోనూ ఉండకూడదు. నెలకోసారి మీ సేవ చిట్టాలోంచి వంద పద్దులు ఊరికే తీసి, కాగితం మీది రచనను చదివినట్టు చదవండి. ఎన్నిటిని కొట్టెయ్యాలో మీకే తెలుస్తుంది. నేను ఆ పని మొదటిసారి చేసినప్పుడు నా సొంత పద్దులలో సగానికి పైగా కొట్టేశాను. ఒక్కటి తప్పిపోయినట్టు ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఈ గోడు సాఫ్ట్‌వేరువాళ్ళ మధ్య వెళ్ళబోసుకోక మీ ముందెందుకు అనుకుంటున్నారేమో. మీలో చాలామంది పగలు అదే పని చేస్తారని నాకు తెలుసు. రాత్రి ఇంటికొచ్చి, ఎదుట లేని చదువరి కోసం ఒక్కో వాక్యాన్ని నాలుగుసార్లు దిద్ది టపా రాస్తారు. ఏ మాట ఎవరికి అర్థమవుతుందో ఆలోచిస్తారు. ఆ ఆలోచనలో పదోవంతు పగటిపూట పద్దుకు పెడితే చాలునన్నదే నా మనవి. పద్దు రాయడమూ రచనే. దానికీ ఒక చదువరి ఉంటాడు. ఆ చదువరి వెనుక, ఫోను చెవికి పెట్టుకుని, ‘బాబూ, ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు’ అంటూ ఒక తండ్రి నిలబడి ఉంటాడు.

కాదనేవారుంటే రండి, తేల్చుకుందాం. ఒకటే షరతు: మీ వాదంలో ‘విజయం’ అన్న మాట వాడితే అది ఎవరి విజయమో పక్కనే రాయాలి.